త్యాగరాజస్వామికి దొరికిన తోడు



త్యాగరాజస్వామి దేవగాంధారి రాగమున రచించిన ‘క్షీరసాగర శయన’ కీర్తన ఈ సభలో పలువురకు కంఠస్థమే. నన్నిట్లు చింతలపాలు చేయుట నీకు తగునా యని శ్రీరాముని నిలదీసిన పాట యది. అందు స్వామి, భగవంతుడు పూర్వము ఎవరెవరిని ఆదుకొనెనో తాను వినియున్నానని వరుసగ చెప్పుచు పోవును. మొసలి నోట చిక్కిన గజేంద్రు డున్నాడు; నిండుసభలో చీరలందుకొన్న ద్రౌపది యున్నది; ఎవరికొరకు సముద్రము దాటవలసివచ్చెనో ఆ సీతమ్మ యున్నది. అందరును పురాణేతిహాసములవారే. వారి నడుమ, చెర విడిన రామదాసు కూడ నున్నాడు.

రామదాసు పురాణపురుషుడు కాడు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న. భద్రాచల ప్రాంతమున శిస్తు వసూలుచేసిన తహసీలుదారు. ద్రౌపదీ గజేంద్రుల పంక్తిలో ఒక రెవిన్యూ ఉద్యోగికి పీట వేయబడినదన్నమాట! సర్కారు కొలువున నున్నవారికి ఈ సంగతి కొంత ముచ్చటగనే యుండును.

గోలకొండను అబుల్ హసన్ తానీషా 1672 నుండి 1687 వరకు ఏలెను. ఆ కాలముననే గోపన్న సర్కారు పైకమును రామాలయమునకు వెచ్చించి, ఆ నేరమునకు కోటలో బంధింపబడెను. పండ్రెండేండ్ల చెర యని లోకప్రసిద్ధి. లెక్కకు చిక్కిన ఉద్యోగి పాటలో సైతము లెక్కయే అప్పజెప్పినాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ యను కీర్తనలో భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, ఒక్కొక్కదానికి పదివేలు పట్టెనని పద్దుల వారీగ చెప్పి, ఎవరి సొమ్మని కులుకుచున్నావని రామునే దెప్పినాడు. పిమ్మట, దెబ్బలకు తాళలేక తిట్టితిని, తప్పు పట్టకుమని వేడినాడు. ఓర్చుకొనుమని హితవు చెప్పుటకు లోకమున చాలమంది కలరు. రామదాసు ఆ పని చేయలేదు. నొప్పిని నొప్పి యనియే పాడినాడు.

ఇంచుమించు నూరేండ్ల తరువాత, 1767లో, తిరువారూరున త్యాగరాజస్వామి జన్మించెను. ఆయనకు చెరయు కొరడాయు లేవు. ఆయన కష్టము ఇంటిలోనిది. రాజసన్మానమును కాదన్నందుకు అన్నగారు కోపించి, తమ్ముడు పూజించు శ్రీరామ విగ్రహములను కావేరిలో పడవైచెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ యెడబాటున పాడినవని చెప్పబడు కీర్తనములు నేటికిని సభలలో వినబడుచున్నవి.

అట్టివానికి రామదాసు ఎట్లు దొరికెను? భద్రాద్రి యెక్కడ, తిరువయ్యారెక్కడ! నడుమ ఎన్ని నదులు, ఎన్ని రాజ్యములు! రేడియో లేదు, గ్రామఫోను లేదు. భజనగోష్ఠులలో నోటినుండి నోటికి పాట నడచినది. ఆ నడచిన పాటయైనను విద్వత్తును చాటునది కాదు. పామరులు చప్పట్లు చరచుచు పాడుకొనదగినది. సంగతిపై సంగతి వేసి రాగమును విరియజేసిన మహావిద్వాంసుడు ఆ సులభ గాయకునకు తలవంచుట గమనింపదగిన విశేషము. ‘ప్రహ్లాదభక్తి విజయము’న రామదాసును ప్రత్యేకముగ స్తుతించినాడు. కీరవాణి రాగములోని ‘కలిగియుంటే’ కీర్తనలో నారద ప్రహ్లాద పరాశరుల సరసన ఆయనను నిలిపినాడు.

ఇందులకు కారణము భక్తి యొక్కటియే యనుట చాలదు. గజేంద్రుని కాచుట ఏ యుగము నాటి మాటయో! తాతముత్తాతల నాటి మనుష్యుడొకడు, తన భాషనే మాటలాడినవాడు, చెరబడి, ఏడ్చి, అలిగి, చివరకు విడుదలయ్యెనన్న వార్త అట్టిది కాదు. కచేరీ భాషలో చెప్పవలెనన్న స్వామి రామునకు నజీరు చూపినాడు. దగ్గరి నజీరునకు బలమెక్కువ.

చిత్తూరు నాగయ్య 1946లో ‘త్యాగయ్య’గను, 1964లో ‘రామదాసు’గను, రెంటికిని తానే దర్శకుడై వెండితెరపై కనబడుట ఈ బంధుత్వమునకు తగియేయున్నది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు తెలుగు సీమ దాటి, బదిలీలపై పోయినవారి ఇండ్లకును చేరినవి. సెలవులలో హైదరాబాదునకు వెళ్లువారు గోలకొండ కోటలో రామదాసు బందిఖానాను చూడవచ్చును. రాతిగోడపై ఆయన చెక్కెనని చెప్పబడు దేవతామూర్తులు అచ్చట నేటికిని ఉన్నవి.