చేతి పరీక్షకు మన పిల్లలు
(సంఘం వార్షిక సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మేము స్కాలర్‌షిప్పుల లెక్క చదివి కూర్చుంటాం. ఆ లెక్క ఈ సంచికలో వేరే అచ్చయింది కాబట్టి ఈసారి ఒక్క సంగతే మాట్లాడతాం. అది కంప్యూటర్ టెక్నీషియన్ ఉద్యోగానికి పెట్టే చేతి పరీక్ష.

పది పాసై, ఇంజనీరింగు దాకా చదివించే స్తోమత లేని ఇళ్ళు మనలో ఎన్నో మీకు తెలుసు. అలాంటి పిల్లల కోసం ఐటీఐలో ‘కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్’ అని ఏడాది ట్రేడ్ ఉంది. ఎలక్ట్రానిక్స్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ వారిది ‘ఫీల్డ్ టెక్నీషియన్ – కంప్యూటింగ్ అండ్ పెరిఫెరల్స్’ అనే కోర్సు ఉంది. మన పిల్లలు వీటిలో చేరుతున్నారు, మార్కులు కూడా తెచ్చుకుంటున్నారు. ర్యామ్ అంటే ఏమిటంటే గడగడా చెబుతారు. ఉద్యోగం ఇచ్చేవాడు మాత్రం బల్ల మీద విడిభాగాలు పరిచి, ‘గంటలో బిగించి ఆన్ చేసి చూపించు’ అంటాడు. అక్కడ ఆగిపోతున్నారు.

తల్లి కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసి చదివించిన కుర్రవాడు ఒకడు విజయవాడలో ఇలాంటి పరీక్షకు వెళ్ళాడు. అంతా బిగించాడు. ఫ్యాను తిరిగింది, తెర మీద ఏమీ రాలేదు. ‘బోర్డు పోయింది సార్’ అన్నాడు. బోర్డు పోలేదు. 24 పిన్నుల పెద్ద కేబుల్ పెట్టి, ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల చిన్న కేబుల్ మరిచిపోయాడు. అంతే. ఆ కుర్రవాడికి తెలివి తక్కువ కాదు. చదివిన ఏడాదంతా కలిపి ఒక్కసారి కూడా సిస్టమ్ మూత తీయలేదు. ల్యాబులో కొత్త కంప్యూటర్లుంటాయి, వాటి మీద ‘ముట్టుకోరాదు’ అనే భయం ఉంటుంది. పాడైతే ఎవరు కట్టాలి?

మన దూదేకుల ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. విల్లు పట్టి దూది ఏకే రోజుల్లో తీగ మోతను బట్టే దూది సరిగా విడిందో లేదో చెప్పేవారు. తండ్రి పక్కన కూర్చుని, చెయ్యి పెట్టి, చెడగొట్టి నేర్చుకున్న పని అది. మిల్లులొచ్చి ఆ పని పోయింది గానీ, నేర్చుకునే తీరు మారలేదు.

అందుకే మేము మా బడి అయిపోయాక సాయంత్రాలు, ఆదివారాలు ఒక గదిలో బల్లలు వేసి, పాత సిస్టమ్‌లు ముందు పెట్టి పిల్లల చేత విప్పిస్తున్నాం, బిగిస్తున్నాం, మళ్ళీ విప్పిస్తున్నాం. మీ డబ్బు దేనికి పోతోందో మీకు తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

మొదటి రోజు స్క్రూడ్రైవర్ ఇవ్వం. చేతిలో ఉండే స్టాటిక్ కరెంటు గురించి చెబుతాం. మన వేలికి చురుక్కుమనాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి. చిప్పు చావడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు, మనకు తెలియనే తెలియదు. కాబట్టి పాలిస్టర్ చొక్కా వద్దు, నూలు చొక్కా వేసుకు రమ్మంటాం. పత్తి పండే ఊళ్ళో ఉండి ఈ మాట చెప్పాల్సి రావడమే విచిత్రం. మణికట్టుకు ఎర్త్ పట్టీ, అది లేకపోతే ముందుగా క్యాబినెట్ ఇనుమును తాకడం. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఆ ఒక్క విషయంలో మేము కర్ర పట్టుకునే ఉంటాం.

ఆ తరవాత బోర్డును క్యాబినెట్‌లో పెట్టకుండా, అట్టపెట్టె మీదే పెట్టి బిగించడం. ప్రాసెసర్ మూలనున్న త్రికోణం గుర్తు, సాకెట్ మూలనున్న గుర్తు కలవాలి. ప్రాసెసర్‌ను నొక్కకూడదు, దాని బరువుకే కూర్చోవాలి. ఇంటెల్ వాటికి 2004 నుంచి పిన్నులు సాకెట్‌లోనే ఉంటున్నాయి, 2022లో ఏఎండీ కూడా ఏఎం 5తో అదే దారి పట్టింది. ఒక్క పిన్ను వంగితే బోర్డు పోయినట్టే. పేస్టు బఠాణీ గింజంత చాలు. ర్యామ్ గాటు చూసి పెట్టాలి. డీడీఆర్ 4కీ డీడీఆర్ 5కీ గాటు ఒకచోట ఉండదు, బలవంతంగా తోస్తే విరుగుతుంది. ఇంతవరకూ అయ్యాక కరెంటిచ్చి, స్క్రీన్ వచ్చాకే క్యాబినెట్‌లోకి. ఇత్తడి స్టాండాఫ్‌లు మరిచిపోయి బోర్డును నేరుగా ఇనుప రేకు మీద బిగిస్తే షార్టవుతుంది.

అసలు పరీక్ష దీని తరవాత. పిల్లవాణ్ణి బయటికి పంపి మేము ఏదో ఒకటి చెడగొడతాం. ర్యామ్ సగం ఊడదీస్తాం, పవర్ బటన్ వైరు పక్క పిన్నుకు పెడతాం, సాటా కేబుల్ వదులు చేస్తాం, మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా బోర్డుకు పెడతాం. వాడు లోపలికి వచ్చి, ఏది ఎందుకు చూస్తున్నాడో పైకి చెబుతూ వెతకాలి. బయటి వైర్లు ముందు, తరవాత 8 పిన్నులది, తరవాత ర్యామ్ ఒక్కొక్కటే, చివరికి సీమాస్ బ్యాటరీ తీసి పెట్టడం. పైకి చెబుతూ చేసే అభ్యర్థి తప్పు చేసినా ఆలోచన కనపడుతుంది. మౌనంగా అన్నీ పీకేవాడిని ఎవరూ పనిలో పెట్టుకోరు.

మన ప్రాంతం పాఠం ఇంకొకటుంది, అది ఏ సిలబస్‌లోనూ ఉండదు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ షాపుల్లో, చిలకలూరిపేట వైపు జిన్నింగ్ మిల్లుల్లో సిస్టమ్ విప్పితే కారం దుమ్ము, దూది నూగు. హీట్‌సింక్ రేకుల మధ్య నూగు పేరుకుని గాలి ఆడక, సీజను మధ్యలో కాటా బిల్లు వేస్తుండగా ఆగిపోతుంది. బ్లోయర్ కొట్టేముందు ముఖానికి మాస్కు, ఫ్యాను రెక్క తిరగకుండా వేలు అడ్డం. ఈ పని వచ్చినవాడికి ఇక్కడే, ఇంటి దగ్గరే కూడు దొరుకుతుంది.

ఆడపిల్లల మాట. కొందరు తల్లిదండ్రులు ‘స్క్రూలు తిప్పే పని మా అమ్మాయికెందుకు మాస్టారూ’ అంటున్నారు. బల్ల ముందు కూర్చుని చేసే పని ఇది, మోత బరువు లేదు. ఆడపిల్లల బడులకు, ఆసుపత్రులకు ఆడ టెక్నీషియన్ వస్తే ఎవరికి ఇబ్బంది? వాళ్ళకు విడిగా ఉదయం బ్యాచ్ పెట్టాం. చేరినవాళ్ళు వైర్ల పనిలో మగపిల్లల కన్నా శుభ్రంగా ఉన్నారు.

ఇక దాతలకు మనవి. కొత్త కంప్యూటర్ ఇస్తామని ఉదారంగా ముందుకొస్తున్నారు. సంతోషమే గానీ, కొత్తది ఇస్తే మేమే దాన్ని విప్పనివ్వం, మళ్ళీ ‘ముట్టుకోరాదు’ మొదలవుతుంది. మాకు పాతవి కావాలి, చచ్చినవి కూడా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 చాలా పాత సిస్టమ్‌లు ఒప్పుకోవు. మీ షాపుల్లో, మిల్లు ఆఫీసుల్లో అలాంటివి మూలన పడి ఉన్నాయి. పాత ఇనుము వాడికి అమ్మేముందు మమ్మల్ని తలచుకోండి.

డబ్బు రూపంలో ఇచ్చేవారికి రెండు అవసరాలు. ఒకటి, ప్రతి పిల్లవాడికీ సొంతంగా ఒక టూల్ కిట్: స్క్రూడ్రైవర్ల సెట్టు, మల్టీమీటర్, క్రింపింగ్ టూల్, ఎర్త్ పట్టీ. రెండు, పరీక్షకు విజయవాడో హైదరాబాదో వెళ్ళి రావడానికి బస్సు ఛార్జీ, ఒక పూట భోజనం. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతం అయ్యేట్టు చేరాలని మన ఆలిములు చెబుతారు. కాబట్టి జకాత్ నుంచి ఇస్తే కిట్‌కూ ఛార్జీకీ వాడతాం, కిట్ వాడి ఇంటికే వెళుతుంది. గది అద్దె, బల్లలు, కరెంటు బిల్లు మామూలు చందాల నుంచే కడతాం. రెండు పద్దులూ విడివిడిగా రాస్తున్నాం, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

చివరగా ఒక జాగ్రత్త. పాత సిస్టమ్ ఇచ్చేటప్పుడు హార్డ్ డిస్క్ మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఖాతాలు, బ్యాంకు కాగితాలు, ఇంటి ఫొటోలు అందులో ఉంటాయి, డిలీట్ కొట్టినంత మాత్రాన పోవు. తీయడం రాకపోతే కబురు చేయండి. మన పిల్లలు ఇద్దరు మీ షాపుకే వచ్చి, మీ ఎదుటే తీసి మీ చేతికిచ్చి, మిగతాది తెచ్చుకుంటారు. వాళ్ళకు అదీ సాధనే.