పల్లెపిల్లలు - స్థూలకాయము - ఆటస్థలము



పిల్లల యారోగ్యమును గూర్చి రెండు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. ముప్పదియేండ్లు పల్లెటూరి బడులలో డ్రిల్లు మాష్టరుగా నుండినవాడనే కాని యుపన్యాసకుడను గాను. నా మాట మోటుగా దోచిన మన్నింప వేడెదను.

పల్లెలో స్థూలకాయమేమి, అది కలవారింటి జబ్బు గదా యని మీలో పెక్కురు నవ్వుకొనవచ్చును. నేనును మొదట నట్లే తలచితిని. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున నైదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయసునకు దగిన యెత్తు లేనివారు. ఆ యీడు పిల్లలలోనే అధికభారము గలవారు 2015-16లో నూటికి 2.1 వంతున నుండి 3.4 వంతునకు పెరిగిరి. సంఖ్య చిన్నదే, కాని ఆకలియు, ఊబకాయమును ఒకే వాకిట నిలిచినవి. పూనా పరిసర గ్రామములలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞికుగారు పరిశోధించి చూపినది మరింత విచారకరము. అచ్చటి శిశువులు పుట్టినప్పుడు సగటున 2.7 కిలోలు తూగిరి. ఇంగ్లండులోని సౌతాంప్టను శిశువులు 3.5 కిలోలు. అయినను బక్కచిక్కిన యీ శిశువుల మేన కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. ఇట్టివారు పెరిగి, కదలక కూర్చుండి తినినచో మధుమేహము పట్టు ప్రమాదము హెచ్చు. కావున పేదపిల్లవానికి అన్నమెంత యవసరమో ఆటయు నంత యవసరము.

ప్రపంచారోగ్యసంస్థ 2020లో, 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వేడెక్కు శ్రమ యుండవలెనని చెప్పినది. నా చిన్ననాట గడియారము చూచిన వారెవరు? బడికి రెండు మైళ్ల నడక, సాయంకాలము చెడుగుడు, గోడుంబిళ్ల, ఏడుపెంకులాట. చీకటిపడి తల్లి కేకవేయువరకు ఇల్లు చేరెడివారము కాము. నేడు బడి బస్సు గుమ్మమునొద్ద నెక్కించుకొని గుమ్మమునొద్దనే దింపుచున్నది. ఇంట సెల్‌ఫోను, చేత ఐదు రూపాయల చిప్సు పొట్లము. పిల్లల నేల నిందింపవలెను? ఆడుటకు చోటేది? ప్రతి బడికిని ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పినది. నేను పనిచేసిన యొక బడిలో ఆ స్థలమున సగము గడ్డివాములకు పోయినది. డ్రిల్లు పీరియడు లెక్కలకు పోయినది. అభ్యంతరము చెప్పగా, “పరీక్షలో చెడుగుడు అడుగుదురా?” యని ప్రశ్నించిరి. జవాబు చెప్పలేక యూరకుంటిని. ఆ సిగ్గు నన్ను నేటికిని వదలలేదు.

బాలికల సంగతి మరియు కష్టము. అదే బడిలో నందరికంటె వడిగా పరుగెత్తు పిల్ల యెనిమిదవ తరగతిలో పరుగు మానినది. తండ్రి కిష్టమే, అరుగులమీది మాటలకు జడిసి మాన్పించెను. ఆ యరుగులమీద కూర్చుండువారము మనమే గదా!

మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. మన కల్యాణమండపముల యావరణలు పెండ్లిండ్లకు దప్ప తెరువబడవు. సాయంకాలము 5 మొదలు 6 గంటల వరకు ఆ తాళము తీయుడు. మన పిల్లలే యనక ఊరి పిల్లలందరిని రానిండు. రెండు బంతులు, నాలుగు త్రాళ్లు చాలును. వారమున మూడు దినములు బాలికలకే విడువుడు. తల్లులలో నొకరు కూర్చుండి కనిపెట్టవలెను. లావైన పిల్లవానిని వెక్కిరింపనీయకుడు. వాడు సిగ్గుపడి మూల కూర్చున్నచో మరల లేవడు.

తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనో కార్యవర్గమువారు నేటి మధ్యాహ్నమే నిర్ణయింప గోరుచున్నాను. మా యూరిలో సాయంకాలములు వచ్చి నిలుచుటకు నేను సిద్ధముగా నున్నాను.