ఒకరి మంచం నలుగురు మోయాలె

(శంషాబాద్‌లో మనోళ్లు కూడిన చోట మాట్లాడిన మాటల పాఠం)



మేము బడిపంతుళ్లం, పాస్టర్లం కాదు. మా ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ చదివినోళ్లం. అయినా ఒక మాట అడుగుతున్నం. మన వాడలో ఎవరికన్న కష్టమొస్తే "నీ కోసం ప్రార్థన చేస్తం" అంటం. మంచిదే. ఆ తర్వాత వాళ్ల గడప తొక్కుతున్నమా?

మార్కు సువార్త 2వ అధ్యాయం యాది చేసుకోండ్రి. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చిండ్రు. కపెర్నహూములో యేసు ఉన్న ఇంటి ముందు జనం కిక్కిరిసి దారి లేదు. ఆ నలుగురు వాపసు పోలేదు. కప్పు విప్పి మంచాన్ని లోపలికి దించిండ్రు. యేసు వాళ్ల విశ్వాసం చూసిండని రాసి ఉన్నది. ఒకరికి నమ్మకం సచ్చిపోయిన రోజున పక్కోళ్లు ఆ నమ్మకాన్ని మోయొచ్చన్నమాట. ధైర్యం చెప్పుడంటే మంచానికి ఒక కోడు పట్టుకునుడే.

మన పెద్దల దగ్గరికి ఈ విశ్వాసం వచ్చింది కూడా ఇట్లనే. ఒంగోలు దిక్కు తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నడు. చుట్టాల ఊర్లకు, వ్యాపారం చేసే ఊర్లకు తిరిగి చెప్పిండు. 1876–78 కరువుల మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని మూడున్నర మైళ్లు కాంట్రాక్టు పట్టి జనానికి కూలి దొరికేటట్లు చేసిండు. కరువు సాయం నడిచినన్ని రోజులు బాప్తిస్మాలు ఆపిండు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిండ్రు. "గంజి కోసం మారిండ్రు" అని వెక్కిరించేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. ఆకలి నాడు పక్కన నిలబడ్డోళ్లను నమ్ముడు తప్పెట్లయితది?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిండ్రు. పాణాలు అరచేతుల పెట్టుకొని చీరాల చేరినోళ్లకు చర్చి ఆవరణే శిబిరమైంది. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. గుడి, ఉద్యమం ఒకే పందిరి కింద నిలబడ్డ కాలమది.

ఇగ మన శంషాబాద్ సంగతి. సుమారు 5,500 ఎకరాల విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచిండ్రు. అప్పటికి నడిచింది 1894 నాటి భూసేకరణ చట్టం. అది భూమి ఉన్నోణ్ణి చూసింది, ఆ భూమిల నాటేసి కలుపు తీసినోళ్లను చూడలే. కూలీలను బాధిత కుటుంబాలుగా లెక్కించే చట్టం 2013లో గాని రాలే. ఇప్పుడు మనోళ్లు విమానాశ్రయంల ఊడుస్తున్నరు, సామాన్లు మోస్తున్నరు, గేటు కాస్తున్నరు. అన్నీ షిఫ్టు డ్యూటీలు. ఆదివారం నాడు ఒకరు డ్యూటీల, ఒకరు నిద్రల, ఒకరు గుడిల. ఒకే వాడల ఉండి మొకాలు చూసుకోని వారాలున్నయ్. కూడుకునుడు మానొద్దని, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవాలని హెబ్రీయుల పత్రికల ఉన్నది. ఆదివారం కుదరకపోతే బుధవారం రాత్రి కూడుదాం. దేవునికి షిఫ్టు లేదు.

ఇంకో గోడ ఉన్నది, కాయితం గోడ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుల ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చిండ్రు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిండ్రు. క్రైస్తవులను చేర్చలే. వాళ్లకు మన దగ్గర దక్కింది బీసీ–సి కింద 1 శాతం. మతంతో ఈ ముడి తెంచాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా చెప్పినట్లే ఉన్నది. ఆ భయంల "నీ మీద ఫిర్యాదు చేస్త" అని పక్కింటోడే పక్కింటోణ్ణి బెదిరిస్తున్నడు. చట్టం మార్చమని కలిసి కొట్లాడాలె గాని, మనలో మనం కాయితాలు చూపి బెదిరించుకుంటమా?

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల వర్గీకరణ అమలైంది. 59 కులాలు మూడు గ్రూపులైనయ్. వాటాలు 1, 9, 5 శాతం. వాటా పంచుకునుడు న్యాయమే. ఆ గ్రూపులను చర్చిలకు తెచ్చి మాలలు ఒక దిక్కు, మాదిగలు ఒక దిక్కు కూసునుడు మాత్రం అన్యాయం. ప్రభువు బల్ల మీద రొట్టె ఒక్కటే.

అందుకే నాలుగు ఇండ్లు కలిసి ఒక జట్టు కావాలె. రాత్రి డ్యూటీకి పోయిన తల్లి పిల్లలకు ఆ జట్టే అన్నం పెట్టాలె, పాఠం చదివించాలె. పదో తరగతి పిల్లల పరీక్ష ఫీజు, స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు దాటకుండ చూడాలె. దవాఖానకు ఒంటరిగ ఎవరినీ పంపొద్దు. మాల ఇంట్ల సావైతే మాదిగలు, మాదిగ ఇంట్లయితే మాలలు ముందు పోవాలె, పాడె పట్టాలె, కలిసి తినాలె. ఏ మిషన్ గుడి అని అడగొద్దు. బైబిలు పట్టని దళిత అన్నదమ్ములు వస్తే వాళ్లూ ఆ నలుగురిలో ఒకరే.

ఈ వారం మీ వాడల ఎవరి మంచం లేవలేదో చూడండ్రి. నలుగురు కలిసి ఆ ఇంటికి పోండ్రి. దారి లేకపోతే కప్పు విప్పుదాం.

జై భీమ్!