స్వచ్ఛ శక్తి, ఇంధన పొదుపు: ప్రభుత్వ విధానం



కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్నది. తెలుగును ఇంటిభాషగా, కన్నడమును రాజభాషగా ఎరిగిన కుటుంబాలు అక్కడ అనేకం. వానలు తక్కువ. వేరుశనగ వేసిన రైతు ఆకాశం వంక చూస్తూ కూర్చొనే నేల అది. బోరుబావులు ఎండిపోగా ఎందరో బెంగుళూరుకు వలస పోయారు.

పైరును మాడ్చిన ఆ ఎండనే పంటగా మలచుటకు ప్రభుత్వం పూనుకొన్నది. తిరుమణి మొదలైన ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో సౌర విద్యుత్ కేంద్రం వెలసింది. 2018లో తొలి విభాగం ఆరంభమైంది. 2019 చివరికి మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది.

ఇందులో మెచ్చదగిన విషయమొకటి ఉన్నది. భూమిని కొనలేదు, కౌలుకు తీసికొన్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి 5 శాతం పెంపు అని నిర్ణయించారు. నేల రైతుదిగానే నిలిచింది. అయితే ఆ కౌలు పట్టా గలవారికే అందుతుంది. ఆ చేలలో కలుపు తీసి, కాయలు కోసి బ్రతికిన కూలీలకు పట్టా లేదు. వారికి పని తగ్గిపోయింది. గొర్రెల కాపరులకు మేతబీళ్ళు తగ్గాయి. పలకలు తుడిచే పని, కావలి పని కొందరికే దొరికాయి.

విద్యుత్తును పుట్టించుట ఎంత ముఖ్యమో, ఇంధనాన్ని పొదుపు చేయుట అంత ముఖ్యం. చిల్లుకుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలువవు. దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా విదేశాల నుండి వచ్చుచున్నది. అందుచేతనే 2001 నాటి శక్తి పరిరక్షణ చట్టం క్రింద కార్ల ఇంధన వినియోగానికి హద్దులు ఏర్పడ్డాయి. 100 కిలోమీటర్లకు సగటున 2017-18లో సుమారు 5.5 లీటర్లు, 2022-23 నుండి సుమారు 4.8 లీటర్లు. ఏ ఏటికి ఎంత తగ్గించవలెనో ముందుగానే చెప్పుటవలన తయారీదారులకు మారుటకు వ్యవధి దొరికింది. ప్రణాళిక వలన కలిగే మేలు ఇదే.

ఈ హద్దు ఒక్కొక్క కారుకు కాదు, ఒక సంస్థ అమ్మిన కార్లన్నిటి సగటుకు. పైగా ఆ కార్ల సగటు బరువు పెరిగితే హద్దు కూడా సడలుతుంది. సగటు సంగతి ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. ముందు వరుసలోని నలుగురికి తొంబదేసి మార్కులు వస్తే తరగతి సగటు పెరుగుతుంది. వెనుక బెంచీ మీది బాలుడు తప్పినా ఆ అంకెలో కనబడడు. తిరుమణి కూలీ సైతం లెక్కలలో అట్లే కనుమరుగైనాడు.

కనుక విధానాన్ని సగటుతో పాటు చివరి వరుసతోనూ కొలవవలెను. కౌలు లెక్క వ్రాయునాడే కూలీ పేరు కూడా వ్రాయవలెను. కారుకు హద్దు విధించునాడే పదిమందీ ఎక్కే బస్సుకు నిధి కేటాయించవలెను.

ప్రభుత్వం చేయలేని పని ఒకటి తల్లిదండ్రుల చేతిలో ఉన్నది. సాయంత్రం బడి గేటు ముందు బిడ్డ కొరకు వేచియుండునపుడు బండి ఇంజను ఆపవచ్చును. ఆ పొగ మొదట సోకేది గేటు దాటి వచ్చే పిల్లలకే గదా!

స్వస్తి.