బ్రతికుండగా మోసే నలుగురు

కొండపల్లి నుండి మీతో మాట్లాడుతున్నాను.

ఎంత సంపాదించినా చివరికి మోయడానికి నలుగురు కావాలి అని మన పెద్దలు అంటారు. నిజమే. పాడె మోయవలసి వస్తే మనము పని మానుకొని వెళ్తాము. ముఖపరిచయము లేనివారు కూడా భుజము పడతారు. అయితే ప్రియులారా, మనిషి బ్రతికుండగానే మోసే నలుగురు ఎక్కడున్నారు?

మార్కు సువార్త 2వ అధ్యాయములో అటువంటి నలుగురు మనకు కనబడతారు. కపెర్నహూములో ప్రభువు ఒక ఇంటిలో ఉన్నాడు. స్వస్థపరచగలవాడు లోపల, స్వస్థత కావలసిన పక్షవాయువు గలవాడు బయట. మధ్యలో జనసమూహము. ఆ ఇంటి తలుపు ఎవరూ మూయలేదు. కాని నడవలేనివానికి తెరచిన తలుపు కూడా మూసినట్లే గదా! అప్పుడు ఆ నలుగురు ఇంటి కప్పు విప్పి అతనిని పరుపుతో సహా దించారు. ప్రభువు మోసినవారి విశ్వాసమును కూడా చూశాడని మరువకండి.

నేటి మన సంగతి చూడండి. కొండపల్లికి విజయవాడ ఇరవై కిలోమీటర్ల లోపే. అక్కడ ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. 2005లో 108 వాహనాలు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, ఇప్పుడు దానిని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాము. తలుపులు తెరిచే ఉన్నాయి. అయినా చదువుకున్నవాడు వెళ్ళినంత సులువుగా కూలిమనిషి లోపలికి వెళ్ళలేడు. ఓపీ చీటీ ఎక్కడ వ్రాస్తారో తెలియదు, అడగాలంటే భయము. ఆసుపత్రికి ఒక రోజు అంటే ఆ రోజు కూలి పోయినట్లే. మళ్ళీ రమ్మంటే వెళ్ళడు.

నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. మా సంఘములో షుగరు వ్యాధి ఉన్న ఒక పెద్దావిడ కాలికి పుండు పడింది. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి కట్టు కట్టించుకున్నారు. వారము తరువాత రమ్మన్నారు. తోడు లేక ఆమె వెళ్ళలేదు. నేను రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను, మోకరించి ప్రార్థించాను, టీ త్రాగి వచ్చాను. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారమ్మా అని అడగలేదు. మూడవసారి వెళ్ళేసరికి పాదము నల్లబడింది. మోకాలి క్రింద తీసివేయవలసి వచ్చింది. “బస్సెక్కించే మనిషి ఒకరుంటే వెళ్ళేదాన్నండీ అయ్యగారూ” అన్నారామె. ఆ మాట నేటికీ నన్ను వదలలేదు.

ప్రార్థన వద్దని నేను చెప్పడము లేదు. ప్రార్థించినవాడే మంచము కూడా పట్టుకోవాలని చెబుతున్నాను.

1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చినప్పుడు, పురుష వైద్యుని ఎదుటికి రాలేక ఎందరో స్త్రీలు ఇళ్ళలోనే బాధపడేవారు. ఆమె మొదట వారి ఇళ్ళకే వెళ్ళారు. 1898లో ఆసుపత్రి తెరవబడింది. తరువాత ఏలూరు రాజావారు రోగుల బంధువులు ఉండడానికి దానికి ఎదురుగా సత్రము కట్టించారు. చూడండి, వైద్యము ఆసుపత్రి చేసింది, తోడు వచ్చినవారికి నీడ మరొకరు ఇచ్చారు. రెండూ కలిస్తేనే రోగి కోలుకుంటాడు.

మా ఊరి బొమ్మలు మీకు తెలుసు. తెల్లపొణికి చెక్కతో తల వేరుగా, చేతులు వేరుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. రంగు వేశాక మక్కు ఎవరికీ కనబడదు. అయినా బొమ్మను నిలిపేది అదే. ఆసుపత్రికీ ఊరికీ మధ్య సంఘము అలాగే ఉండాలి.

ఇప్పుడు మేము ఆదివారము ఆరాధన ముగిశాక ఒక నోటుపుస్తకము తెరుస్తాము. ఎవరు ఏ తేదీన ఆసుపత్రికి వెళ్ళాలి, తోడు ఎవరు అని వ్రాస్తాము. కూలి పోయిన ఇంటికి కానుకలోనుండి ఆ పూట బియ్యము ఇస్తాము. ఆశా కార్యకర్త పిలిస్తే మన యౌవనస్థులు ఆమెకు తోడు వెళ్తారు. రోగి ఏ మతమో అడగము. ఇది పెద్ద పనేమీ కాదు, ఏ సంఘమైనా చేయగలదు.

ఆసుపత్రులలో పనిచేసే నా సహోదరీ సహోదరులారా, మీకూ ఒక మనవి. చీటీ మీద తేదీ వేసి పంపివేయకండి. తోడు వచ్చినవారికి విడమరచి చెప్పండి. మీరు కట్టిన కట్టును ఇంటి దగ్గర కాపాడేది వారే.

ప్రియ శ్రోతా, ఈ వారము మీ వీధిలో మంచము పట్టినవారు ఎవరు? వారు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజు ఎప్పుడు? ఈ సాయంత్రమే వెళ్ళి అడగండి. ఆ మంచానికి నాలుగు కోళ్ళు ఉన్నాయి, అందులో ఒకటి మీరు పట్టుకోవలసినది.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, రోగి గుమ్మము దాటి వచ్చిన మా అశ్రద్ధను క్షమించుము. మోసే భుజములను, అడిగే నోటిని మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.