పొటాషియం మందు – వాడే పద్ధతి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. బీపీ, షుగరు గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను ఇవాళ పొటాషియం గురించి చెబుతాను. నేను డాక్టరును కాను. ఇంటర్మీడియట్ చదివి ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి, సుబేదారుగా రిటైరయ్యాను. మందు రాసేది, మోతాదు నిర్ణయించేది డాక్టరు. రాసిన మందు ఎలా పుచ్చుకోవాలి, ఏం కనిపిస్తే ఆగి డాక్టరును అడగాలి అన్నది చెప్పడం మా నర్సింగ్ వాళ్ళ పని. ఆ మేరకే నా మాటలు.

మన ఒంట్లో ఉన్న పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొంచెం. ఆ కొంచెం మీదే గుండె కొట్టుకోవడం, కండరం బిగుసుకోవడం, వదులవడం ఆధారపడి ఉన్నాయి. రిపోర్టులో 3.5 నుంచి 5 దాకా ఉంటే మామూలు. 3 కంటే తగ్గితే నీరసం, కాళ్ళు లాగడం, మలబద్ధకం, గుండె దడ. 6 దాటితే ప్రమాదం. చూడండి, మంచికీ చెడుకీ మధ్య ఉన్న జాగా ఎంత ఇరుకో! బి కాంప్లెక్స్ మాత్ర ఒకటి ఎక్కువైతే మూత్రం పచ్చగా వస్తుంది, అంతే. పొటాషియం అలాంటిది కాదు. ఎక్కువైన దాన్ని బయటికి పంపేది ముఖ్యంగా కిడ్నీలు. అవి బాగా పనిచేస్తున్నంత కాలం మనం బతికిపోతాం.

మరి ఎవరికి రాస్తారు? వాంతులు, విరేచనాలు బాగా అయినవాళ్ళకు, నీరు పోవడానికి లాసిక్స్ లాంటి మాత్ర వాడేవాళ్ళకు, బీపీకి క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వాడేవాళ్ళలో కొందరికి. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్ళకు పొటాషియం తగ్గితే ఆ మందే విషమవుతుంది కాబట్టి వాళ్ళ విషయంలో డాక్టర్లు మరీ జాగ్రత్తగా చూస్తారు. కొందరికి ఎంత తాగినా పొటాషియం నిలవదు. అప్పుడు మెగ్నీషియం కూడా తగ్గిందేమో చూస్తారు.

రోడ్ మార్చ్‌లో చెమట పోయిందని పొటాషియం మాత్ర మింగే కుర్రాళ్ళను చూశాను. చెమటలో పోయేది ఎక్కువగా నీళ్ళూ ఉప్పూ. మజ్జిగలో ఉప్పు వేసుకు తాగితే సరిపోయేదానికి మాత్ర ఎందుకు? పిక్కలు పట్టేసిన ప్రతిసారీ పొటాషియం లోపమే అనుకోవడం కూడా తప్పు. చాలామందికి పరీక్ష చేస్తే మామూలుగానే ఉంటుంది.

ఇక తాగే పద్ధతి. సిరప్ సాధారణంగా 15 మిల్లీలీటర్లలో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండేలా వస్తుంది. అంటే దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం, రెండు అరటిపండ్లలో ఉన్నంత. సీసా మీద రాసింది చదవండి, అన్నీ ఒకటి కాదు. వంటింటి గరిటెతోనో సీసా ఎత్తిపట్టి గుక్కతోనో కాదు, కొలత మూతతో కొలవాలి. కనీసం అర గ్లాసు చల్లటి నీళ్ళలో కలిపి, అన్నం తిన్నాక, ఐదు పది నిమిషాలు కొంచెం కొంచెంగా చప్పరించాలి. రుచి బాగుండదు, నిజమే. అందుకని కళ్ళు మూసుకుని నీళ్ళు కలపకుండా ఒక్క గుటకలో మింగేస్తారు మనవాళ్ళు, రమ్ము కొట్టినట్టు! కడుపులో మంట, వాంతి అక్కడే మొదలవుతాయి.

మాత్ర అయితే 600 మిల్లీగ్రాములది 8 మిల్లీ ఈక్వివలెంట్లు. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్ర అది. నలపకూడదు, నమలకూడదు, సగం చేయకూడదు. కూర్చుని, నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి. మింగిన వెంటనే పడుకుంటే గొంతులో ఇరుక్కుని అన్నవాహిక పుండు పడుతుంది. మింగడం కష్టమైన పెద్దవాళ్ళకు సిరప్ ఇవ్వమని అడగండి. కొన్ని రకాల మాత్రల డొల్ల మలంలో అలాగే కనిపిస్తుంది. మందు లోపల దిగిపోయి డొల్ల బయటికొచ్చిందంతే, కంగారుపడి ఇంకోటి వేసుకోవద్దు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోవద్దు. ఇంటి దగ్గర సెలైన్‌లో పొటాషియం ఎక్కించమని ఎవరినీ బతిమాలొద్దు. ఆ ఆంప్యూల్ పలచన చేయకుండా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది. వార్డులో మేం దాన్ని తీసిన ప్రతిసారీ ఇద్దరం కలిసి లేబుల్ చదివేవాళ్ళం.

నాకు బాగా తెలిసిన ఒక రిటైర్డ్ హవల్దార్ సంగతి చెబుతాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడేవాడు. ఒకసారి విరేచనాలై ఆస్పత్రిలో చేరితే, ఇంటికి పంపేటప్పుడు ఐదు రోజులకు పొటాషియం సిరప్ రాశారు. ఐదు రోజులైంది, నీరసం తగ్గింది, మందు బాగా పనిచేసిందనుకుని షాపులో కొని మూడు నెలలు తాగాడు. మధ్యలో మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్. ఒక ఉదయం కుర్చీలోంచి లేవలేకపోయాడు. నాడి 40. పొటాషియం 7 దాటింది. కాల్షియం ఇంజెక్షను, గ్లూకోజుతో ఇన్సులిన్, తర్వాత డయాలిసిస్. బతికాడు. నన్ను చూడగానే అడిగాడు, "సాబ్, నేను తాగింది బలం మందే కదా?" అని.

ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనాలప్రిల్, రామిప్రిల్, స్పైరొనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతాయి. నొప్పి మాత్రలు కిడ్నీ పని తగ్గిస్తాయి. సెప్ట్రాన్ కూడా పొటాషియం పెంచుతుంది. వీటి మీద సిరప్ పోస్తే వచ్చే దారి తెరిచి పోయే దారి మూసినట్టే. ఈ మందులు చెడ్డవని కాదు, వాటిని సొంతంగా మానేయమనీ కాదు. పొటాషియం రాసేటప్పుడు డాక్టరుకు అవన్నీ తెలియాలి. కిడ్నీలో రాళ్ళకిచ్చే సిట్రేట్ సిరప్పుల్లో చాలావాటిలో పొటాషియమే ఉంటుంది. అది ఎక్కువమందికి తెలియదు.

తక్కువ సోడియం ఉప్పు అని షాపుల్లో అమ్ముతున్నారు కదా, అందులో కలిపేది పొటాషియం క్లోరైడే. మంచిదా అంటే చాలామందికి మంచిదే. చైనాలో 600 గ్రామాల్లో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపి వాడినవాళ్ళలో పక్షవాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలాంటి ఉప్పు వాడొచ్చంది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, పిల్లలకు ఆ సలహా వర్తించదని అప్పుడే చెప్పింది.

మన శ్రీకాకుళం సోదరులు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పాలా? కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఉద్దానమంటే కొబ్బరితోటల నేల. ఇంటికి ఎవరొచ్చినా బొండం కొట్టి ఇవ్వడం మర్యాద. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. క్రియాటినిన్ పెరిగిన నాన్నకు నీరసంగా ఉన్నాడని రోజూ బొండాలు పట్టించే కొడుకులున్నారు. ప్రేమే అది, కాదనను. లీవుకు వెళ్ళినప్పుడు ముందు ఆయన క్రియాటినిన్, పొటాషియం రిపోర్టు చూడండి, బొండం సంగతి డాక్టరును అడగండి. బంగాళాదుంపలాంటివి ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది.

పరీక్ష గురించి ఒక్క మాట. సిరప్ మొదలుపెట్టాక డాక్టరు చెప్పిన రోజున రక్తం ఇవ్వాలి, నెల మందు చేతికొచ్చింది కదా అని ఎగ్గొట్టొద్దు. రక్తం తీసేటప్పుడు పిడికిలి గట్టిగా బిగించి విప్పితే, లేదా సీసాలో రక్తకణాలు చితికితే, లేని పొటాషియం ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. అప్పుడు మళ్ళీ తీయించుకోవాలి. కానీ ఒళ్ళు బరువెక్కి కాళ్ళు లేవకపోయినా, నాడి నెమ్మదించినా, స్పృహ తప్పినట్టున్నా రిపోర్టు కోసం ఆగొద్దు. ఈసీజీ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్ళండి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.

టీ అయ్యాక వెనక టేబుల్ దగ్గర ఉంటాను. మందుల చీటీలు తెచ్చుకున్నవాళ్ళు చూపించండి, పాలీక్లినిక్ డాక్టరుగారిని ఏం అడగాలో చీటీ వెనక రాసిస్తాను. ఇంట్లో సగం తాగిన సిరప్ సీసా ఉన్నవాళ్ళు దాని మీద తేదీ, ఎన్ని రోజులకు రాశారో ఇవాళే చూసుకోండి. జై హింద్.