మూత పోయిన రోజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత ఆటల గురించి మాట్లాడమన్నారు. కబడ్డీ గురించి అనుకొని ఉంటారు. నేను చెప్పబోయేది 1997లో మన కంప్యూటర్ ల్యాబులో దొంగచాటుగా ఆడిన ‘డూమ్’ గురించి.

అప్పుడు ల్యాబులో ఉన్నవి నాలుగే కంప్యూటర్లు. నాలుగింటినీ కలుపుతూ టీవీ కేబుల్ లాంటి ఒకే కేబుల్. దాని రెండు చివర్లా వేలి తొడుగంత లోహపు మూతలు. టెర్మినేటర్లు అంటారు, 50 ఓములవి. ఒక్క మూత తీసినా సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి నెట్‌వర్క్ మొత్తం ఆగిపోతుంది. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్‌ను ఆ కేబుల్ మీద నలుగురు కలిసి ఆడవచ్చు. యంత్రాలు ఒకదానితో ఒకటి ఐపీఎక్స్ అనే పద్ధతిలో మాట్లాడుకునేవి.

ఒకరోజు మధ్యాహ్నం ఆట మధ్యలో బెల్లు కొట్టారు. కంగారులో నేను ఒక మూత ఊడదీసి జేబులో వేసుకొని పారిపోయాను. మర్నాడే ఇన్‌స్పెక్షన్. నెట్‌వర్క్ పనిచేయలేదు. అందరి ముందూ కంప్యూటర్ సారు మాట పడ్డారు. నేను నోరు విప్పలేదు. సాయంత్రం మూతను టేబుల్ కింద పడేశాను. సారే వంగి తీసి, “ఇక్కడే ఉందిరా!” అని సంతోషించారు.

ఇక ఇప్పటి సంగతి. ఈ ఉత్సవాల ఏర్పాట్లు మొదలయ్యాక ముగ్గురం మళ్లీ ఆడదామనుకున్నాం. ఒకడు డాలస్‌లో, ఒకడు నెల్లూరులో, నేను హైదరాబాదులో. నేటి విండోస్‌లో ఐపీఎక్స్ లేదు. అందుకే డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ పెట్టుకున్నాం. అది ఐపీఎక్స్ ప్యాకెట్లను కవరులో పెట్టినట్టు యూడీపీలో పెట్టి ఇంటర్నెట్ మీదుగా పంపుతుంది. ముందు అందరూ సెట్టింగుల ఫైలులో ‘ఐపీఎక్స్’ దగ్గర ‘ట్రూ’ అని రాయాలి. ఒకరు ‘ఐపీఎక్స్‌నెట్ స్టార్ట్‌సర్వర్’ అని కొట్టాలి. మిగతావాళ్లు ‘ఐపీఎక్స్‌నెట్ కనెక్ట్’ అని కొట్టి, పక్కన సర్వర్ చిరునామా ఇవ్వాలి. తర్వాత డూమ్ సెటప్‌లో నెట్‌వర్క్ ఆట ఎంచుకోవాలి.

చెప్పినంత తేలిక కాలేదు. నేను సర్వర్ పెడితే ఎవరూ లోపలికి రాలేకపోయారు. మా ఇంటి కనెక్షన్‌కు సొంత పబ్లిక్ చిరునామా లేదు, ఎందరికో కలిపి ఒకటే ఇచ్చారు. డాలస్ వాడు తన రౌటర్‌లో 213వ యూడీపీ పోర్టు తెరిచి సర్వర్ పెట్టాడు. కలిశాం, కానీ ఆట మొదలవలేదు. నెల్లూరు వాడి దగ్గరున్నది పాత వెర్షన్. అందరిదీ ఒకే వెర్షన్ కావాలి. అదీ సరిచేశాక ఆట మొదలైంది, ఎడ్లబండిలా! డూమ్ సెకనుకు 35 అడుగులు వేస్తుంది. అందరి మీటల సమాచారమూ అందేదాకా తర్వాతి అడుగు వేయదు. హైదరాబాదు నుంచి నెల్లూరుకు పోవాల్సిన ప్యాకెట్ కూడా డాలస్ వెళ్లి రావాలాయె. అయినా రెండు గంటలు ఆడాం. అందులో ఎక్కువసేపు కబుర్లే. నెల్లూరు వాడు ఆ మాట అప్పుడే అన్నాడు: “ఆ మూత సంగతి సారుకు ఎప్పుడైనా చెప్పావా?”

చెప్పలేదు. ఇదిగో, ఇన్నేళ్లకు చెబుతున్నాను. సార్, ఆ మూత తీసింది నేనే. మీరు పడ్డ మాటలు నేను పడాల్సినవి. క్షమించండి.

సభ అయ్యాక పాత ల్యాబు గదికి రండి. ఒకే స్విచ్‌కు నాలుగు ల్యాప్‌టాప్‌లు కలిపి డాస్‌బాక్స్‌లో డూమ్ సిద్ధంగా పెట్టాం. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి డాలస్ చుట్టి రానక్కర్లేదు, ఆట చకచకా సాగుతుంది. ముగ్గురం మూడు పట్టుకున్నాం. నాలుగోది మీ కోసం ఖాళీగా ఉంచాం సార్.